మందూబ్

ఫర్వానియాలో మా ఆఫీసు
చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తు.
రాత్రి డ్యూటీలో నేనూ,
కారే ఏసీ కింద పెట్టిన బక్కెట్టూ,
నూటపద్నాలుగు డొమైన్లూ.

తొంభై రోజులు నిండేలోగా ప్రతి పేరూ
తన పేరు తనదేనని రుజువు చేసుకోవాలి.
నాకిందులో వింతేం కనపడలేదు.
నా అకామా కూడా అంతే:
వేలు పెట్టు, ఫోటో దిగు, పక్క కిటికీకి పో, రేపు రా.

సంతకం పెట్టే పెద్దమనిషి ఎక్కడుంటాడో తెలీదు.
ఓ మాట పంపుతాడు. నలభైమూడు అక్షరాలు,
ఏ భాషా కానిది, నోరు తిరగనిది.
పేరు నీదైతే దీన్ని దాని గుమ్మానికి కట్టు,
నేనొచ్చి చూసుకుంటా.

కట్టేవాణ్ణి.
కాపీ, పేస్ట్, చివర చుక్క పడిందా లేదా,
కొటేషన్లు ఒక జతా రెండు జతలా.
ఆ మాట దేశదేశాల సర్వర్లకి పాకేదాకా
కిందికి దిగి, చాచా దగ్గర కరక్ చాయ్.
తిరిగొచ్చేసరికి ఒక్కోసారి అందేది, ఒక్కోసారి లేదు.
ఓ రంజాన్ రాత్రి రోజులు తప్పు లెక్కేశాను.
తెల్లారి ఒక పళ్ళ డాక్టరు పేజీ తెరిస్తే
ఇది నమ్మదగ్గ చోటు కాదని ఎర్రటి హెచ్చరిక.
ఆ నెల జీతంలో ఇరవై దీనార్లు పోయాయి.

బుద్ధి చెప్పింది మా మందూబ్, ఈజిప్టు రజబ్.
చంకలో ఫైలుతో ఆఫీసులన్నీ తిరిగేది అతనే.
కాయితంలో ఏముందో అతనికి పట్టదు.
ఎవరిది? ఎక్కడివ్వాలి?
రెండే అడిగి, కారు తాళాలు ఆడించుకుంటూ పోతాడు.

అలాంటివాణ్ణొకణ్ణి నేనే రాశాను, ముప్పైయొక్క వరుసల్లో.
పేరూ, కట్టాల్సిన మాటా చెవిన వేస్తే చాలు.
వెళ్తాడు, కడతాడు,
నూటఇరవై సెకన్లు పడుకుంటాడు.
(నిజంగానే, ఆ వరుసలో రాసిన ఆజ్ఞ నిద్రే.)
లేచి, కనపడుతోందా అని నాలుగు చోట్ల అడిగి
ఔనంటేనే పెద్దమనిషికి కబురు పెడతాడు.
పనయ్యాక వాడి తమ్ముడు, పదకొండు వరుసలవాడు,
కట్టింది విప్పి, గుమ్మం తుడిచి పోతాడు.

తాళాలన్నీ వాడి చేతికివ్వలేదు.
కట్టడానికీ విప్పడానికీ సరిపడా ఒక్కటే.
రాజంపేటలో మా మేనత్త లాడ్జి నడిపేది,
నీళ్ళు మోసే పిల్లోడికి నీళ్ళ గది తాళమే ఇచ్చేది.

మొదటి రాత్రి వాడు పనిచేస్తుంటే నేను కాపలా.
సరే. సరే. సరే.
లాగ్‌లో పచ్చటి వరుసలు దిగుతూనే ఉన్నాయి.
చాయ్‌కి రావడం మానేశావేమని చాచా మరునాడు అడిగాడు.
ఏం చెప్పాలో తోచలేదు.

నెలలయ్యాక, ఊరికే,
లాగ్ చదువుతుంటే అరవయ్యేడో వరుస:
ఓబులేసు టైలర్స్, మహబూలా.
మూడూ పదికి. సరే.

ఆ పేజీ నేనే చేసిచ్చాను.
టేపు బొమ్మ, ఫోన్ నంబరు, అర్జెంటు ఆల్టరేషన్లు.
డొమైన్‌కి అయిదేళ్ళ డబ్బు ఒకేసారి కట్టాడు,
సగం దీనార్లు, సగం నాకు కుట్టిన రెండు చొక్కాలు.
పోయినేడు అకామా కొట్టేశారు.
ఔట్‌పాస్ మీద పోయాడు, మిషను కూడా అమ్ముకోకుండా.
ఇప్పుడా నంబరుకి చేస్తే ఎవరో సిరియా ఆవిడ ఎత్తుతుంది.

తాను తానేనని
ఇంకొక్క రోజు ఒప్పించుకోలేకపోయినవాణ్ణి
అరవై రోజులకోసారి
తప్పు లేకుండా ఒప్పిస్తూ వస్తున్నాడు నా ముప్పైయొక్క వరుసలవాడు.

తీసేద్దామని జాబితా తెరిచాను.
కర్సరు ఓబులేసు ముందు మిణుకుమంటోంది.
బక్కెట్టు నిండింది.
పారబోసి వచ్చి, జాబితా అలాగే మూసేశాను.

నాకింకా ఇరవయ్యారు రోజులుంది.
రజబ్ ఫోనెత్తడం లేదు.